అఫిలియేట్ మార్కెటింగ్: అంతర్జాలంలో కమీషను వ్యాపారానికి తొలి పాఠాలు

ఇతరుల సరుకును గురించి అంతర్జాలంలో తెలియజెప్పి, ఆ మాట మీద కొనుగోలు జరిగినప్పుడు అమ్మకందారు నుండి కమీషను పొందే పద్ధతిని అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. తెలుగులో దీనిని అనుబంధ విక్రయమని చెప్పవచ్చు. సంతలో పశువుల బేరం కుదిర్చే మధ్యవర్తి, మార్కెట్ యార్డులో రైతు పంటను అమ్మించే కమీషను ఏజెంటు మన గ్రామాలకు కొత్తవారు కారు. ఈ వ్యాపారమూ ఆ కోవకు చెందినదే. ఇందులో సరుకు నిల్వ చేయనవసరం లేదు. దుకాణం, గిడ్డంగి, రవాణా బాధ్యతలు ఉండవు. పెట్టుబడిగా నిలిచేది ఒక్కటే, చెప్పేవారి మాటపై వినేవారికి గల నమ్మకం. సరిహద్దు గ్రామాల యువతీయువకులు ఈ రంగంలో అడుగు పెట్టే ముందు దాని పనితీరును, పరిమితులను, చట్టాన్ని, దాని పేరిట జరిగే మోసాలను తెలుసుకోవడం అవసరం.

పుట్టుపూర్వోత్తరాలు

1994లో అమెరికాకు చెందిన సీడీనౌ అనే సంగీత విక్రయ సంస్థ, ఇతరుల వెబ్‌సైట్ల ద్వారా తన వద్దకు వచ్చి కొన్నవారికి గాను ఆ వెబ్‌సైట్ల వారికి కమీషను ఇవ్వసాగింది. 1996 జూలైలో అమెజాన్ సంస్థ 'అసోసియేట్స్' పేరుతో ఇదే పద్ధతిని ప్రవేశపెట్టడంతో అది విస్తృత ప్రచారం పొందింది. భారతదేశంలో 2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ ప్రారంభం కావడం, 2013 జూన్‌లో అమెజాన్ భారతీయ విభాగం తెరుచుకోవడం ఈ వ్యాపారానికి మన దేశంలో బాటలు వేశాయి.

పనితీరు

సంస్థలో సభ్యునిగా నమోదైన వ్యక్తికి ప్రతి వస్తువుకూ ఒక ప్రత్యేక లంకె లభిస్తుంది. ఆ లంకెలో అతని గుర్తింపు సంఖ్య ఇమిడి ఉంటుంది. అతడు తన వెబ్‌సైటులోనో, యూట్యూబ్ ఛానల్‌లోనో ఆ వస్తువును గురించి వివరించి లంకెను జతపరుస్తాడు. పాఠకుడు లంకెను నొక్కి, నిర్ణీత గడువులోగా కొనుగోలు చేస్తే ఆ అమ్మకం సభ్యుని ఖాతాలో చేరుతుంది. అమెజాన్‌లో సాధారణంగా ఈ గడువు 24 గంటలు. కొన్నవారు వస్తువును తిప్పి పంపితే కమీషను రద్దవుతుంది. అందువల్లనే సంస్థలు సొమ్మును వెంటనే చెల్లించవు. అమెజాన్ సుమారుగా ఆ నెల ముగిసిన 60 రోజులకు చెల్లిస్తుంది.

ఆదాయం విషయంలో అతిగా ఆశించడం తగదు. ఉదాహరణకు 1,200 రూపాయల విలువ గల వస్తువుపై 4 శాతం కమీషను ఉందనుకుంటే ఒక అమ్మకానికి వచ్చేది 48 రూపాయలు. ఈ లెక్కన నెలకు 5,000 రూపాయలు రావాలంటే వందకు పైగా అమ్మకాలు జరగాలి. లంకె నొక్కిన ప్రతివారూ కొనరు కనుక అంతకు ఎన్నో రెట్ల మంది ఆ సమాచారాన్ని చూడవలసి ఉంటుంది. కమీషను శాతం వస్తువును బట్టి మారుతుంది, సంస్థలు దానిని ఎప్పుడైనా మార్చవచ్చు. కాబట్టి తొలి ఏడాది దీనిని సేద్యానికో, ఉద్యోగానికో తోడుగా నడిపే పనిగానే భావించడం మేలు.

నమోదుకు కావలసినవి

చట్టం ప్రకారం ఒప్పందం చేసుకోవడానికి 18 ఏళ్లు నిండి ఉండాలి. పాన్ కార్డు, సొంత పేరిట బ్యాంకు ఖాతా అవసరం. సరిహద్దు కుటుంబాలకు ఇక్కడ ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో ఇంటిపేరు ముందు రాస్తారు. తమిళనాడులో తండ్రి పేరు తొలి అక్షరమే వ్యక్తి పేరుకు ముందుంటుంది. సరిహద్దుకు ఒకవైపు చదివి మరొకవైపు స్థిరపడినవారి ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకాలలో పేరు ఒకే విధంగా ఉండకపోవచ్చు. ఈ తేడాలను ముందుగానే సరిచేయించుకోకపోతే సంపాదించిన కమీషను ఖాతాకు చేరడంలో ఇబ్బంది కలుగుతుంది.

నమోదైన తరువాత నిబంధనలను పూర్తిగా చదవాలి. అమెజాన్‌లో 180 రోజులలోగా కనీసం మూడు అర్హమైన అమ్మకాలు జరగకపోతే ఖాతా మూతపడుతుంది. ఆ మూడింటినీ తానే కొని పూరించడానికి వీలులేదు. తన లంకె ద్వారా తాను కొనడం నిబంధనలకు విరుద్ధం, బంధుమిత్రుల చేత కొనిపించడమూ అంతే. వాట్సాప్ వంటి వ్యక్తిగత సందేశాలలో లంకెలు పంపడాన్ని కొన్ని సంస్థలు అంగీకరించవు. వస్తువు ధరను స్వయంగా రాసి ఉంచడమూ మంచిది కాదు. ధర మారితే పాఠకుడు మోసపోయానని భావిస్తాడు.

విషయం, భాష

అన్ని వస్తువులను గురించీ చెప్పబోయేవారు ఎవరికీ ఉపయోగపడరు. తమకు స్వానుభవం గల ఒక రంగాన్ని ఎన్నుకోవాలి. మూడు వైపులా ఆంధ్ర గ్రామాలు గల కర్ణాటకలోని పావగడ ప్రాంతంలో వేరుశనగ ప్రధానమైన పంట. అక్కడి రైతు కుటుంబంలోని యువకుడు బ్యాటరీతో నడిచే మందు పిచికారీ యంత్రం ఎన్ని ట్యాంకుల వరకు ఛార్జింగ్ నిలుపుతుందో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, భుజం మీద ఎంత బరువు పడుతుందో చెప్పగలడు. కుట్టుపని తెలిసిన గృహిణి కుట్టు మిషన్ల మంచి చెడ్డలను వివరించగలదు. వస్తువులోని లోపాన్ని కూడా చెప్పినప్పుడే ఆ సమాచారానికి విలువ.

రెండు భాషలు రావడం సరిహద్దు వాసులకు గల సహజమైన బలం. ఒకే యంత్రాన్ని గురించి తెలుగులోనూ, కన్నడంలో లేదా ఒడియాలోనూ చెప్పగలిగినవారు రెండు వైపులా చేరగలరు. అయితే మాధ్యమాన్ని స్థానిక పరిస్థితిని బట్టి ఎన్నుకోవాలి. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత పాఠశాలలలో తమిళం తప్పనిసరి అయింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో ఇంట తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి చదవలేని యువత ఉన్నారు. అటువంటి వారికి రాతకంటే వీడియో ద్వారా చెప్పిన మాట చక్కగా చేరుతుంది.

చట్టం, పన్నులు

కమీషను పొందుతున్న సంగతిని దాచడం చట్టరీత్యా దోషం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, వస్తువును సిఫారసు చేసేవారు అమ్మకందారుతో తమకు గల ఆర్థిక సంబంధాన్ని స్పష్టంగా వెల్లడించాలి. వీడియోలో అయితే ఆ మాట వినిపించాలి, కనిపించాలి కూడా. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానాకు అవకాశం కల్పించింది. తెలుగులో చెప్పే సమాచారానికి తెలుగులోనే, "ఈ లంకె ద్వారా కొంటే మాకు కమీషను వస్తుంది" అన్న ఒక్క వాక్యం ప్రారంభంలో ఉంచితే సరిపోతుంది.

కమీషను ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. చెల్లించే సంస్థ ముందుగానే మినహాయించుకొనే పన్ను 2024 అక్టోబరు 1 నుండి 5 శాతం నుండి 2 శాతానికి తగ్గింది. 2025 ఏప్రిల్ 1 నుండి ఏడాదికి 20,000 రూపాయలు మించిన కమీషనుకే ఈ మినహాయింపు వర్తిస్తున్నది. పాన్ సంఖ్య ఇవ్వకపోతే 20 శాతం కోత పడుతుంది. పన్ను పరిధిలోకి రానివారు రిటర్ను దాఖలు చేసి కోత పడిన సొమ్మును తిరిగి పొందవచ్చు. జీఎస్టీ విషయానికి వస్తే, మన ఐదు ప్రాంతాలలోనూ సేవల వార్షిక రాబడి 20 లక్షల రూపాయలు దాటనంతవరకు సాధారణంగా నమోదు అవసరం లేదు. సంస్థ ఒక రాష్ట్రంలో, సభ్యుడు మరొక రాష్ట్రంలో ఉన్నా 2017 అక్టోబరు నుండి ఇదే వెసులుబాటు ఉంది.

మోసాలను గుర్తించడం

ఇంటి వద్దనే సంపాదన అన్న పేరుతో వచ్చే పిలుపులన్నీ ఈ వ్యాపారం కావు. అసలును నకిలీ నుండి వేరుచేయడానికి ఒకే ప్రశ్న చాలు. సొమ్ము ఎవరి నుండి ఎవరికి పోతున్నది? నిజమైన అనుబంధ విక్రయంలో అమ్మకం జరిగిన తరువాత సంస్థ సభ్యునికి చెల్లిస్తుంది. చేరడానికి రుసుము ఉండదు. శిక్షణ పేరిట వేల రూపాయలు కట్టించుకొని, మరికొందరిని చేర్పిస్తేనే కమీషను ఇస్తామనేది గొలుసుకట్టు పథకం. ఇటువంటి సొమ్ము చలామణి పథకాలను 1978 నాటి చట్టం నిషేధించింది. 2021 డిసెంబరు నాటి ప్రత్యక్ష విక్రయ నియమాలు కూడా వీటిని అనుమతించవు. వీడియోలకు లైకులు కొట్టిస్తూ మొదట కొద్ది సొమ్ము పంపి, తరువాత 'టాస్కు'ల కొరకు డబ్బు వేయమనేది మరొక మోసం. ఇతరుల సొమ్ము మన ఖాతా గుండా పంపితే కమీషను ఇస్తామనే మాటకు ఒప్పుకుంటే, నేరపు సొమ్ము చేతులు మార్చిన కేసులో ఖాతాదారే చిక్కుకుంటాడు.

సొమ్ము పోయినవారు ఆలస్యం చేయక 1930 సంఖ్యకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే సొమ్మును బ్యాంకులోనే నిలిపివేయడానికి అంత అవకాశం ఉంటుంది. నేరం ఏ రాష్ట్ర పరిధిలోనిదన్న మీమాంసతో వెనుదిరిగి రానవసరం లేదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా దగ్గరి పోలీసు స్టేషనులో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు.

ఈ మోసాలు పెక్కు పర్యాయాలు బంధువుల ద్వారానే ఇంటికి వస్తాయి. తెలిసినవారి మాటను కాదనలేకనే పలువురు సొమ్ము కడతారు. అనుబంధ విక్రయానికి ఆధారమైనదీ ఆ నమ్మకమే. కనుక ఈ పని ప్రారంభించే పిల్లలకు పెద్దలు మొదటగా చెప్పవలసినది, తాము వాడి చూడని వస్తువును, తమ ఇంటికి కొనని వస్తువును ఇతరులకు సిఫారసు చేయవద్దని. ఈ నియమాన్ని పాటించేవారికి కమీషను ఆలస్యంగా వచ్చినా, ఊరిలోని మాట విలువ తగ్గదు.