వ్రాతకెక్కని మృతులు

మంజీరానది బాలాఘాటు కొండలలో బుట్టి, బీదరు, మెదకు సీమలను దాటి నిజాంసాగరమున నిలుచును. 1931లో ఆ యానకట్ట పూర్తియయ్యెను. కొన్నియేండ్లకే బోధనులో చక్కెర కర్మాగారము వెలసెను. ఈ కాలువనీటితో పండిన చెఱకునుగూర్చియు, అందువలన కలిగినవారమైన మన కుటుంబములనుగూర్చియు మన సంచికలలో పలుమారులు వ్రాసికొంటిమి. ఆ నీరు వచ్చిన యెగువసీమలో 1948వ సంవత్సరమున జరిగినదానికి మాత్ర మొక్క పుటయైనను కేటాయింపమైతిమి.

ఆ యేడు రెండు తీరుల ఘోరములు జరిగినవి. మొదటివి రజాకార్లు చేసినవి. నేటి సిద్దిపేట జిల్లాలోని భైరాన్‌పల్లిలో ఆగస్టు 27వ తేదీన ఎనుబదిమందికి పైగా చంపబడిరి. ఆ యూరి బురుజు నేటికిని నిలిచియున్నది, కథయును నిలిచినది. రెండవవి సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించి, 17న నిజాము లొంగిన పిమ్మట జరిగినవి. రజాకార్ల పాపమునకు ప్రతీకారమను పేర, వారితో నెట్టి సంబంధమును లేని మహమ్మదీయ కుటుంబములు ఊళ్లకు ఊళ్లుగా హతమయ్యెను. ప్రధానమంత్రి నెహ్రూ పంపిన పండిత సుందరలాలు, కాజీ అబ్దుల్ గఫారు మొదలగువారి సంఘము, పదునాఱు జిల్లాలలో తొమ్మిదింట తిరిగి, మృతుల సంఖ్య 27,000 మొదలు 40,000 వఱకు నుండునని యంచనా వేసెను. మిక్కిలి నష్టపడినవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. ఈ నాల్గింటనే 18,000కు తక్కువ కాదనిరి. నాందేడు మన పొలిమేర. కొన్నిచోట్ల సైనికులును పోలీసులును దోపిడిలో పాల్గొనిరనియు ఆ సంఘము వ్రాసినది.

ఆ నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. కొన్ని భాగములు పండితులకు తెలిసినను, ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున జనులు దానిని చూచుటకు వీలు కలిగినది 2013లో.

జలియన్‌వాలాబాగులో చనిపోయినవారు ప్రభుత్వపు లెక్కకు 379 మంది. బడికి పోయిన ప్రతి పిల్లవానికి నా పేరు తెలియును. అచ్చటను మొదట వార్తలు తొక్కిపెట్టబడినవి. కాని అమృతసరము పట్టణము, వకీళ్లు కలరు, కాంగ్రెసువారు తామే విచారణ జరిపి 1920లో ప్రకటించిరి. అన్నిటికంటె ముఖ్యముగా చంపినవాడు పరదేశి. అతనిని దూషించుటలో మనకు గర్వమే గాని సిగ్గు లేదు. బీదరు పల్లెలలో చంపినవారును చచ్చినవారును ఒక్క బావినీరు త్రాగినవారు. సెప్టెంబరు 17ను విమోచనమందురు కొందఱు, విలీనమందురు కొందఱు. ఏ పేరు పెట్టినను ఆ పండుగలో నీ దుఃఖమునకు చోటు దొరకలేదు. సాక్ష్యము చెప్పవలసిన బిడ్డలకును విధవలకును అక్షరము రాదు. వ్రాయగలవారి గతి యెట్లుండెనో, రజాకార్లను విమర్శించినందుకు ఆగస్టులోనే హైదరాబాదు వీధిలో నఱకబడిన ఇమ్రోజు సంపాదకుడు షోయబుల్లాఖాను తెలుపును. ఆయనయు మహమ్మదీయుడే.

వ్రాత బలమునకు దూరము పోనక్కరలేదు. మన నిజామాబాదు కోట జైలులో ఆ దినములలో పెక్కండ్రు బాధలు పడిరి. అందు దాశరథి కృష్ణమాచార్యులవారును వట్టికోట ఆళ్వారుస్వామిగారును ఉండిరి గనుక, బొగ్గుతో గోడమీద వ్రాసిన పద్యముల కతన ఆ గోడ తెలుగుదేశమంతట తెలియవచ్చెను. కవి లేని గోడలు నోరెత్తలేదు.

ఇక సాలెకులస్థులమగు మనకు చెందిన మాట యొకటి. ఆ నివేదికలోనే, ఒకే వృత్తివారి నడుమ స్నేహభావ మధికముగా గన్పట్టెననియు, కొన్నిచోట్ల హిందూ నేతగాండ్రు తోడి మహమ్మదీయ నేతగాండ్రకు అడ్డుపడి కాపాడిరనియు, అందు తామును ప్రాణములు గోల్పోయిరనియు వ్రాయబడియున్నది. అది చదివిననాడు నేను పుస్తకము మూసి కొంతతడవు కూర్చుంటిని. మన సంచికలలో సత్రమునకు నూఱు రూప్యము లిచ్చినవారి పేరును తప్పిపోలేదు. మగ్గము ప్రక్క మగ్గము వేసికొన్న చెలికానికై ప్రాణమిచ్చినవారి పేరొక్కటియు లేదు. ఆ యంశమున నివేదికయు పేర్లు చెప్పదు, ఊళ్లును చెప్పదు. వారు మన శాఖవారో, మఱియొక శాఖవారో నేను నిశ్చయించి చెప్పజాలను; అది తేల్చవలసిన పనియే.

దెగ్లూరు, బిలోలి, బీదరు ప్రాంతములతో మనకు వియ్యములు కలవు. ఆ యిండ్లలో నా సంవత్సరపు మాట పెద్దలనుండి వినినవారు, ఊరు, పేరు, చంపబడిన తీరు తమకు తెలిసినంతవఱకు, ఏ పక్షమువారిదైనను దాచక, సంఘ కార్యదర్శిగారికి వ్రాసి పంప ప్రార్థన. వచ్చు సంచికలో పోషకుల పట్టికకు ముందు పుటలను అందులకై విడిచియుంచుటకు కార్యవర్గమువారు సమ్మతించిరి.