లేబర్ ఆఫీసు మొదట ఎవరి కోసం పుట్టింది?



లేబర్ డిపార్ట్‌మెంట్ అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? ఫ్యాక్టరీ గేటు, యూనియన్ జెండా, బోనస్ గొడవ, కిరాణా కొట్టు గోడకు వేలాడే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. కానీ కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఈ శాఖ మొదలైంది ఫ్యాక్టరీ కార్మికుడి కోసం కాదు. మాల మాదిగల కోసం, పరయ పల్ల కులాల కోసం.

కాస్త వెనక్కి వెళ్దాం. 1891లో చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ పరయల బతుకు మీద ఒక నివేదిక రాశాడు. దున్నేవాడికి భూమి లేదు. గుడిసె వేసుకున్న చోటు కూడా చాలాచోట్ల కామందుదే. ఎదురు తిరిగితే కూలీ మాత్రమే కాదు, ఇల్లూ పోతుంది. ఆ నివేదిక తర్వాత 1892లో ప్రభుత్వం అణగారిన కులాలకు భూములివ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. కానీ ఉత్తర్వును ఊళ్లో అమలు చేయాల్సింది గ్రామాధికారులు. వాళ్లు ఎవరి మనుషులో మీకు చెప్పక్కర్లేదు.

1919–20లో మద్రాసు ప్రభుత్వం ఈ పనికి ప్రత్యేకంగా ఒక అధికారిని పెట్టింది. ఆయన పేరు జి.ఎఫ్. ప్యాడిసన్. హోదా పేరు లేబర్ కమిషనర్. గమనించండి, ఆ పేరులో అంటరానితనం లేదు, కులం లేదు. కులం జోలికి వెళ్తే భూస్వాములు, మతపెద్దలు మండిపడతారు. ‘లేబర్’ అంటే ఎవరికీ నొప్పి ఉండదు. నా లెక్కలో ఆ మాట కులానికి కప్పిన దుప్పటి.

దుప్పటి కింద జరిగిన పని మాత్రం చిన్నది కాదు. ఇళ్ల స్థలాలు, బావులు, శ్మశానాలకు దారులు, సహకార సంఘాలు, బంజరు పట్టాలు, లేబర్ స్కూళ్లు. అయితే ఇళ్ల స్థలం ఊరికే రాలేదు. సహకార సంఘం ద్వారా అప్పిచ్చి వాయిదాల్లో వసూలు చేశారు. తరతరాలు ఊరిని పోషించినవాళ్లు గుడిసె జాగాకు కిస్తీలు కట్టారన్నమాట! అదే కమిషనర్‌కు పారిశ్రామిక తగాదాలు, 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం పనీ చేరాయి. పొలం కూలీ, మిల్లు కార్మికుడు ఒకే కప్పు కిందికి వచ్చారు.

ఇది చాలామందికి గిట్టలేదు. 1921లో మద్రాసు బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లుల సమ్మెలో ఆదిద్రావిడులు ఒకవైపు, మిగతా కార్మికులు మరోవైపు అయ్యారు. పులియంతోపులో గుడిసెలు తగలబడ్డాయి. జస్టిస్ పార్టీ నాయకులు నింద లేబర్ శాఖ మీద వేశారు. దళితులను నెత్తికెక్కించుకుందని వాళ్ల వాదన. బ్రాహ్మణేతరుల పార్టీ దళితుడి దగ్గరికొచ్చేసరికి ఎక్కడ ఆగిందో ఎం.సి. రాజా అక్కడే చూశాడు. ఆ మరుసటి ఏడే ఆయన తీర్మానంతో ప్రభుత్వ కాగితాల్లో ‘పంచమ’ పోయి ‘ఆదిద్రావిడ’, ‘ఆదిఆంధ్ర’ వచ్చాయి. బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన 1917లోనే మనవాళ్లు ఎత్తుకున్న పేరది.

1949లో మద్రాసు రాష్ట్రంలో హరిజన సంక్షేమ శాఖ వేరుపడింది. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఆ రోజు నుంచి ‘కార్మికుడు’ ఒక ఆఫీసుకు, ‘దళితుడు’ ఇంకో ఆఫీసుకు పోయారు. కార్మికుడికి హక్కులు, దళితుడికి సంక్షేమం. ఒకడు అడిగేవాడు, ఇంకొకడు పుచ్చుకునేవాడు. మనిషి మాత్రం ఒకడే.

1942–46 మధ్య వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేద్కర్. కులం శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అని చెప్పింది కూడా ఆయనే. మన రాష్ట్రాలు ఆ విభజనను ఫైళ్లలో కూడా పాటించాయి.

ఇవాళ కాంట్రాక్టు మీద డ్రైనేజీలో దిగే మనిషి సంగతి చూడండి. కనీస వేతనం రాకపోతే లేబర్ ఆఫీసు. కులం పేరుతో తిడితే పోలీస్ స్టేషన్. పిల్లల హాస్టల్‌కు సాంఘిక సంక్షేమం. ఆ పనిలోకి ఆయన కులమే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం ఏ ఆఫీసులోనూ కౌంటర్ లేదు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆనాటి మద్రాసు శాసనమండలి చర్చలు చదవండి. ఈసారి అర్జీ రాసేటప్పుడు కూలీనీ కులాన్నీ ఒకే కాగితం మీద పెట్టండి. అది ఏ శాఖకు చెందుతుందో తేల్చుకోవడం వాళ్ల పని.