కెనూ యాత్ర: అడవి సరస్సులపై జీవితకాలపు మక్కువ

ఉత్తర అమెరికాలో, సంయుక్త రాష్ట్రాలకు చెందిన మిన్నెసోటాకు, కెనడాకు చెందిన ఆంటేరియోకు నడుమ సరిహద్దు రేఖ చాలా దూరం నీటి మీదుగానే సాగుతుంది. ఒక సరస్సు, దాని చివర కొంత అడవి, మరల ఒక సరస్సు, ఈ విధంగా వందలాది సరస్సులు అక్కడ గొలుసుకట్టుగా ఉన్నాయి. కెనూ అనే సన్నని తేలిక పడవలో తెడ్డు వేసుకొంటూ, రాత్రులు ఒడ్డున గుడారంలో విడిది చేస్తూ, ఆ సరస్సుల వెంట రోజుల తరబడి ప్రయాణించడం ఒక శతాబ్దానికి పైగా అక్కడి వాడుక. ఒకసారి వెళ్లి వచ్చినవారిలో చాలామంది దానిని విడువలేరు. యౌవనంలో మొదలైన మక్కువ ముసలితనం దాకా నిలుస్తుంది. కొందరి విషయంలో అది వారి వృత్తిని, నివాసాన్ని, చివరకు ఆ దేశపు చట్టాలను సైతం మార్చింది.

ప్రాంతము, సరిహద్దు

అమెరికా వైపు ఉన్న భాగానికి ‘బౌండరీ వాటర్స్’, అనగా సరిహద్దు జలాలు అని పేరు. ఇది సుపీరియర్ జాతీయ అరణ్యంలో భాగం. విస్తీర్ణం సుమారు 11 లక్షల ఎకరాలు. ఇందులో 1,100కు పైగా సరస్సులు, సుమారు 1,900 కిలోమీటర్ల పడవ మార్గాలు, గుర్తించిన విడిది స్థలాలు 2,000 దాకా ఉన్నాయి. కెనడా వైపున దాదాపు ఇంతే వైశాల్యం గల క్వెటికో రక్షిత వనం ఉన్నది. దానిని 1913లో ఏర్పరచారు. అమెరికా వైపు ప్రధాన ప్రవేశ పట్టణం ఈలీ.

ఈ సరిహద్దును 1842లో బ్రిటన్, అమెరికాల మధ్య కుదిరిన వెబ్‌స్టర్–ఆష్‌బర్టన్ ఒప్పందం స్థిరపరచింది. సుపీరియర్ సరస్సు మొదలు లేక్ ఆఫ్ ది వుడ్స్ వరకు గల జలమార్గాలు, వాడుకలో ఉన్న మోతదారులు ఇరుదేశాల ప్రజలకు సమానంగా తెరచి ఉండాలని అందులో రాసుకొన్నారు. దేశాలు రెండైనా దారి ఒక్కటే అని నాటి పాలకులు అంగీకరించారన్నమాట. అవతలి గట్టున దిగి విడిది చేయాలంటే మాత్రం నేడు ఆయా దేశాల ప్రవేశ నిబంధనలు వర్తిస్తాయి.

పడవ, మోతదారి

ఈ పడవను రూపొందించినవారు ఆ నేల మూలవాసులు. ఒజిబ్వే ప్రజలు బర్చి చెట్టు బెరడును ఒకే పొరగా ఒలిచి, దేవదారు జాతి కర్రతో పక్కటెముకలు అమర్చి, స్ప్రూస్ చెట్టు వేళ్లతో కుట్టి, అతుకులను చెట్టు జిగురుతో మూసేవారు. తుంగభద్ర మీద వెదురు అల్లి తోలు కప్పిన పుట్టి వలెనే ఇదీ స్థానికంగా దొరికే వస్తువులతో అమరిన పడవ. పుట్టి గుండ్రనిది, కెనూ పొడవైనది. రెండింటినీ మనిషి నెత్తిన మోసుకొని పోగలడు.

మోయగలగడమే ఈ యాత్రకు మూలం. ఒక సరస్సు నుండి మరొక సరస్సుకు పోయే కాలిబాటను పోర్టేజి అంటారు. తెలుగులో దానిని మోతదారి అనవచ్చును. దాని పొడవును పటాలలో ‘రాడ్’ అనే పాత కొలతతో చూపుతారు. ఒక రాడ్ పదహారున్నర అడుగులు, సుమారుగా ఒక కెనూ పొడవు. పడవను తలకిందులు చేసి, దాని నడుమ అడ్డంగా ఉన్న కర్రను భుజాలపై ఆనించి ఒక్కరే మోస్తారు. ఎద్దుల మెడపై వేసే కాడిని ఇంగ్లీషులో ఏమంటారో, ఆ కర్రను కూడా ఆ మాటతోనే పిలుస్తారు. 18వ శతాబ్దంలో ఉన్ని తోళ్ల వ్యాపారానికి తెడ్డు వేసిన ఫ్రెంచి కెనడా కూలీలు, ఒక్కొక్కటి 41 కిలోల బరువు గల మూటలను రెండేసి చొప్పున, నొసటికి తోలు పట్టీ తగిలించుకొని ఈ దారులలోనే మోసేవారు. వాటిలో పేరుపొందిన గ్రాండ్ పోర్టేజి పొడవు దాదాపు 14 కిలోమీటర్లు.

బెరడు పడవ స్థానంలో కాలక్రమాన కర్ర మీద కాన్వాసు కప్పిన పడవలు వచ్చాయి. 1944లో గ్రమ్మన్ విమాన కర్మాగారపు అధికారి ఒకరు అటువంటి బరువైన పడవను మోతదారిలో మోసి అలసి, విమానాలకు వాడే అల్యూమినియంతో పడవ చేయవచ్చునన్న ఆలోచనకు వచ్చారు. 1945 నుండి అవి తయారైనవి. తరువాత వచ్చిన కెవ్లార్ పడవల బరువు సుమారు 20 కిలోలే. దానితో స్త్రీలు, వయసు మళ్లినవారు, పిల్లలున్న కుటుంబాలు కూడా దూరపు సరస్సులకు పోగలిగే వీలు కలిగింది.

మక్కువ పుట్టే తీరు

ఈ యాత్రలకు జీవితాన్ని ముడివేసుకొన్నవారి చరిత్రలు చూస్తే, మక్కువ ముఖ్యంగా మూడు తోవల వచ్చినట్లు కనిపిస్తుంది.

మొదటిది చిన్న వయసులో కలిగే పరిచయం. ఉత్తర అమెరికాలో బడి సెలవులలో పిల్లలను అడవి విడుదులకు పంపే అలవాటు 19వ శతాబ్ది చివరి నాటిది. ఈలీ ప్రాంతంలో స్కౌటు బాలుర కెనూ యాత్రలు 1923లో మొదలైనవి. అనుభవం గల ఒక పెద్ద వెంట ఉండగా పిల్లలే పడవ నడిపి, మూటలు మోసి, వంట చేసుకొంటారు. తరువాతి కాలంలో ప్రసిద్ధ వార్తాహరుడైన ఎరిక్ సెవరైడ్ 1930లో, 17 ఏళ్ల వయసులో, వాల్టర్ పోర్ట్ అనే మిత్రునితో కలిసి మినియాపోలిస్ నుండి హడ్సన్ అఖాతం వరకు సుమారు 3,600 కిలోమీటర్లు కెనూలో వెళ్లారు. 1935లో వెలువడిన ఆయన పుస్తకం చదివి అదే దారిన బయలుదేరిన యువకులు తరువాతి తరాలలోనూ ఉన్నారు.

రెండవది కష్టకాలంలో దొరికిన ఊరట. 1884లో అయోవా రాష్ట్రంలో పుట్టిన ఎర్నెస్ట్ ఓబర్‌హోల్ట్‌జర్ గుండె కీళ్లవాతపు జ్వరం వల్ల దెబ్బతిన్నది. ఎక్కువ కాలం బతకడని వైద్యులు అన్నారు. ఆయన 1909 వేసవిలో రెయినీ సరస్సు ప్రాంతమంతా కెనూలో తిరిగారు. 1912లో బిల్లీ మగీ అనే ఒజిబ్వే మార్గదర్శితో కలిసి హడ్సన్ అఖాతపు తీరం దాకా వెళ్లి, దాదాపు 3,200 కిలోమీటర్లు తిరిగివచ్చారు. మగీ వయసులో ఆయన కంటె చాలా పెద్ద. దారి చూడడం, గాలిని బట్టి నీటిని అంచనా కట్టడం, మాట తక్కువగా ఉండడం ఓబర్‌హోల్ట్‌జర్‌కు ఆ సహవాసంలో అబ్బినవి. స్వల్పాయుష్కుడన్న ఆ మనిషి 1977 వరకు, 93 ఏళ్లు జీవించారు.

మూడవది ఒక చోటు మనసును పట్టి నిలపడం. షికాగోలో నర్సు విద్య నేర్చిన డొరొతీ మోల్టర్ 1930లో చేపలవేటకై బంధువులతో నైఫ్ సరస్సుకు వచ్చింది. ఆర్థిక మాంద్యంలో పట్నాన ఉద్యోగం దుర్లభమైనది. 1934 నాటికి ఆమె ఆ సరస్సులోని దీవిలోనే స్థిరపడింది. దారినపోయే పడవవారికి గాయాలు కట్టేది. రూట్ బీరు అనే మత్తులేని తీపి పానీయం తయారుచేసి ఇచ్చేది. 1964 తరువాత ఆ అడవిలో నివాసాలను ప్రభుత్వం ఖాళీ చేయించింది. ఆమెను పంపరాదని ప్రజలు పట్టుబట్టగా, బతికినంత కాలం ఉండేందుకు అనుమతి లభించింది. 1986 డిసెంబరులో మరణించే వరకు ఆమె అక్కడే ఉన్నది. ఆమె కర్ర ఇళ్లను గడ్డకట్టిన మంచు మీదుగా ఈలీకి తరలించి, మ్యూజియంగా నిలిపారు.

ఈ మూడు తోవలలోనూ ఒక సామాన్య లక్షణం ఉన్నది. మొదటి తెడ్డును ఎవరో ఒకరు చేతికిచ్చారు. వంశానికి చెందిన పెద్ద కావచ్చు, విడిది నడిపే గురువు కావచ్చు, ఒజిబ్వే మార్గదర్శి కావచ్చు. రెండవ లక్షణం శ్రమ. దోమలు, వాన, తడిసిన బట్టలు, భుజాల నొప్పి లేని యాత్ర అరుదు. మోసి చేరుకొన్న సరస్సు మోటారు బండిలో చేరుకొన్న సరస్సు కంటె ప్రియమైనదిగా తోస్తుందని వెళ్లివచ్చినవారు చెబుతారు.

మక్కువ నుండి కాపలాకు

1925లో ఒక పారిశ్రామికవేత్త రెయినీ సరస్సు పరీవాహక ప్రాంతంలో ఆనకట్టల వరుస కట్టాలని ప్రతిపాదించాడు. అవి కట్టి ఉంటే దీవులు, జలపాతాలు, మోతదారులు అనేకం మునిగేవి. ఓబర్‌హోల్ట్‌జర్ తన జీవితంలో అధిక భాగాన్ని దానిని ఎదిరించడానికే వెచ్చించారు. 1930లో అమెరికా శాసనసభ చేసిన చట్టం అక్కడి ప్రభుత్వ భూములలో సహజ నీటిమట్టాలను మార్చడాన్ని, ఒడ్డు నుండి 400 అడుగుల లోపల చెట్లు కొట్టడాన్ని నిషేధించింది.

సిగర్డ్ ఓల్సన్ (1899–1982) కథ కూడా ఇటువంటిదే. 1921లో మొదటిసారి ఈ సరస్సులలో తిరిగిన ఆయన 1923లో ఈలీ బడిలో ఉపాధ్యాయునిగా చేరి, వేసవులలో యాత్రికులకు మార్గదర్శిగా పనిచేశారు. 1956లో అచ్చయిన ‘ది సింగింగ్ వైల్డర్నెస్’ ఆయనకు పేరు తెచ్చింది. చిన్న విమానాలు సరస్సులపై దిగడం ఎక్కువైనప్పుడు ఆయన, మిత్రులు చేసిన కృషి ఫలితంగా 1949లో అధ్యక్షుడు ట్రూమన్ ఈ అడవిపై తక్కువ ఎత్తున విమానాలు ఎగరరాదని ఉత్తర్వు ఇచ్చారు. 1964 నాటి అరణ్య సంరక్షణ చట్టం రూపకల్పనలోనూ ఓల్సన్ పాలుపంచుకొన్నారు. 1978 చట్టం ఇక్కడ మోటారు పడవలను నీటి వైశాల్యంలో సుమారు నాలుగవ వంతుకు పరిమితం చేసింది.

ఇందుకు మరొక వైపు కూడా ఉన్నది. విడిదిళ్లు నడిపి, కలప కొట్టి, మోటారు పడవలు అద్దెకిచ్చి బతికిన స్థానికులకు ఈ చట్టాలు జీవనోపాధిపై దెబ్బగా తోచినవి. 1977లో ఈలీలో జరిగిన విచారణ సమయాన కోపించిన ఊరివారు ఓల్సన్ దిష్టిబొమ్మను ఉరితీశారు. ఆయన అదే ఊరిలో యాభై ఏళ్లకు పైగా కాపురమున్న మనిషి. ఒజిబ్వే ప్రజలకైతే ఇది ఎన్నడూ ‘మనుషులు లేని అడవి’ కాదు. ఇది వారి ఇల్లు. 1854 నాటి ఒప్పందంలో భూమిని వదులుకొన్నప్పటికీ వేట, చేపలవేట హక్కులను వారు నిలుపుకొన్నారు. నీటిలో పెరిగే మనోమిన్ అనే అడవి ధాన్యాన్ని నేటికీ కెనూలలోనే కోస్తారు. ఒకరు గెడతో పడవను నడుపుతారు. రెండవవారు కంకులను కర్రతో వంచి, గింజలను పడవలోకి రాలుస్తారు.

ఈలీ సమీపంలోని రాగి, నికెల్ ఖనిజం విషయంలోనూ ఇదే ఘర్షణ. గని వస్తే పని దొరుకుతుందని కొందరు, నీరు చెడుతుందని కొందరు వాదిస్తున్నారు. 2023 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఎగువన ఉన్న సుమారు 2.25 లక్షల ఎకరాలలో 20 ఏళ్లపాటు కొత్త గనుల కౌళ్లను నిలిపివేసింది. ఆ ఉత్తర్వును తొలగించాలన్న ప్రయత్నాలు తరువాతి సంవత్సరాలలో సాగినవి.

అపాయాలు, నియమాలు

నీటికి జాలి లేదు. 1999 జూలై 4న వీచిన పెనుగాలికి ఈ అరణ్యంలో లక్షలాది ఎకరాలలో చెట్లు నేలకూలగా, విడిది చేసినవారిలో దాదాపు 60 మంది గాయపడ్డారు. 2024 మే నెలలో సరిహద్దున ఉన్న కర్టెన్ జలపాతంలోకి కెనూలు కొట్టుకుపోయి ఇద్దరు మరణించారు. వసంతంలో మంచు కరిగిన నీరు అతి చల్లగా ఉండి, ఈత వచ్చినవారిని కూడా నిమిషాలలో నిస్సత్తువ చేస్తుంది. కనుక పడవ ఎక్కింది మొదలు దిగేవరకు ప్రాణరక్షక కవచం తొడుక్కొనే ఉండాలి. పెద్ద సరస్సులను గాలి లేవకముందే, ఉదయాన దాటాలి. గాలి పెరిగితే ఒడ్డునే ఆగాలి. జలపాతపు హోరు వినిపించేచోట తెలియని మలుపు తిరగరాదు.

మే 1 నుండి సెప్టెంబరు 30 వరకు రాత్రి బస చేయువారికి పరిమిత సంఖ్యలోనే అనుమతి పత్రాలు ఇస్తారు. ఒక బృందంలో 9 మందికి, 4 పడవలకు మించరాదు. గాజు సీసాలు, డబ్బా ఆహారం నిషిద్ధం. గుర్తించిన స్థలంలోనే గుడారం వేయాలి. ఇనుప చట్రమున్న పొయ్యిలోనే నిప్పు రాజేయాలి. అంట్లు తోమిన నీటిని ఒడ్డుకు దూరంగా పారబోయాలి. ఎలుగుబంట్లకు అందకుండా ఆహారాన్ని భద్రపరచాలి.

మినియాపోలిస్ నగరం నుండి ఈలీకి రోడ్డున సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఆ నగర ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది అందుబాటులోని చోటు. అక్కడ పడవ, గుడారం, తిండి సామగ్రి సమకూర్చి, దారి చెప్పి పంపే దుకాణాలు ఉన్నాయి. తొలిసారి వెళ్లేవారు రెండు మూడు రోజులకు మించకుండా, మోతదారులు ఒకటి రెండే ఉన్న మార్గాన్ని ఎంచుకోవడం, తెలిసిన ఒకరిని వెంట ఉంచుకోవడం మేలు. పిల్లలకు ఆటబొమ్మ తెడ్డు గాక వారి ఎత్తుకు సరిపడే అసలు తెడ్డునే ఇవ్వాలి. వారు మోయగలిగిన మూటను వారినే మోయనివ్వాలి.