బుట్ట పుట్టుక

కుండ పగిలినా పెంకు మిగులుతుంది. బుట్ట అలా కాదు. గడ్డి, ఈనె, వెదురు, నార, ఏదైనా మట్టిలో పడితే కొన్నేళ్ళకే కుళ్ళిపోతుంది. అందువల్ల బుట్ట వయసు తేల్చడానికి పురావస్తు శాస్త్రవేత్తలు చాలాసార్లు దాని ముద్రల మీదే ఆధారపడాల్సి వచ్చింది. చెక్ దేశంలోని దోల్ని వెస్తోనిత్సె దగ్గర దాదాపు 27,000 ఏళ్ళనాటి కాలిన మట్టి ముద్దలు దొరికాయి. వాటి మీద అల్లిక అచ్చులు స్పష్టంగా ఉన్నాయి. అల్లినది చాపో సంచో బుట్టో చెప్పడం కష్టమే గానీ, అప్పటికే అల్లడం బాగా చేతనైనవాళ్ళు అక్కడ ఉండేవారని మాత్రం తెలుస్తుంది.

అసలు బుట్టలు మిగిలినవి ఎక్కువగా తేమ చొరబడని గుహల్లోనే. జుడియా ఎడారిలోని మురబ్బాత్ గుహలో మూతతో సహా చెక్కుచెదరని ఒక పెద్ద బుట్ట బయటపడిందని 2021లో ప్రకటించారు. దాని వయసు సుమారు 10,500 ఏళ్ళు, లోపల 90 నుంచి 100 లీటర్ల చోటుంది. అంటే డెబ్బై అయిదు కిలోల బియ్యం బస్తా అందులో పడుతుంది. కుండలు చేయడం ఆ ప్రాంతంలో ఇంకా మొదలుకాని కాలం అది. స్పెయిన్ దక్షిణాన ‘గబ్బిలాల గుహ’లో దొరికిన బుట్టలది విచిత్రమైన కథ. 19వ శతాబ్దంలో గని తవ్వినవాళ్ళు వాటిని బయటికి లాగి చెల్లాచెదురు చేశారు. మిగిలినవి మ్యూజియాలకు చేరాయి. ఎస్పార్తో గడ్డితో అల్లిన వాటిలో కొన్ని 9,500 ఏళ్ళ కిందటివని, అంటే వ్యవసాయం అక్కడికి చేరకముందువని 2023లో తేలింది. మన ఉపఖండంలో బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ వాసులు కుండలు రాకముందే బుట్టలకు సహజమైన తారు పూసి వాడుకున్నారు.

ఇంత పాత పనిలో మూల పద్ధతులు మూడే. గడ్డి కట్టను చుట్టలు చుట్టలుగా తిప్పుతూ ప్రతి వరుసనూ కింది వరుసకు నారతో కుట్టడం ఒకటి. నిలువు పుల్లల చుట్టూ రెండు పోగులను మెలివేస్తూ పోవడం రెండోది. బద్దలను అడ్డంగా, నిలువుగా ఒకదాని కిందుగా ఒకటి దూర్చడం మూడోది. బట్ట నేతకు మరమగ్గం వచ్చి రెండు శతాబ్దాలు దాటింది. బుట్ట అల్లికలో ఇప్పటికీ చేతిదే పైచేయి.

తెలుగునాట ఈ పని ఎక్కువగా మేదరులదీ ఎరుకలదీ. మేదరులు వెదురు పట్టుకుంటే, ఎరుకలు ఈతాకు, ఈత మట్టలు పట్టుకున్నారు. పచ్చి వెదురును కత్తితో నిలువునా చీల్చి, బద్దలు తీసి, పైతోలు పేళ్ళను వేరు చేస్తారు. గట్టిదనమంతా ఆ పైతోలులోనే ఉంటుంది. లోపలి మెత్తని భాగం చవక సరుకుకు పోతుంది. అడుగున బద్దలను నక్షత్రం ఆకారంలో పరిచి, అంచులు పైకి వంచి, వాటి మధ్య పేడును తిప్పుతారు. ఒక్క పేడుతోనే అల్లేటప్పుడు నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. సరిసంఖ్య అయితే ప్రతి చుట్టులోనూ పేడు అవే బద్దల మీదుగా పోయి అల్లిక బిగియదు. గంప, తట్ట, చేట, జల్లెడ, గంజి వార్చే సిబ్బి, కోళ్ళగంప, ధాన్యం దాచే గాదె, అన్నీ ఆ చేతుల్లోంచే వచ్చాయి. నది దాటించే పుట్టి కూడా తోలు తొడిగిన పెద్ద బుట్టే. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయిస్, జనం ఇలాంటి గుండ్రటి పడవల్లో తుంగభద్ర దాటడం రాసిపెట్టాడు. 12వ శతాబ్దంలో కన్నడ దేశపు కల్యాణంలో శరణులనిపించుకున్న శివభక్తుల్లో కేతయ్య మేదరి; బుట్టలల్లుతూనే వచనాలనే భక్తి కవితలు చెప్పాడు.

మేదరుల ముడిసరుకైన ఈ వెదురును 1927 అటవీ చట్టం చెట్ల లెక్కలో కలిపేసింది. శాస్త్రం దృష్టిలో గడ్డిజాతి మొక్క, చట్టం దృష్టిలో చెట్టు! అడవి బయట సొంత పొలంలో పెంచిన వెదురు కొట్టి తరలించడానికీ అనుమతుల బెడద తప్పలేదు. ఆ వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేయడానికి 2017 దాకా ఆగాల్సివచ్చింది.

బుట్టకు వెదురో ఈతాకో మాత్రమే కావాలని లేదు; పారేసేదాన్ని బుట్టకు వాడుకోవడం కొత్త ఆలోచనేమీ కాదు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జును చిల్లులుపడ్డ చేటకూ గంపకూ మెత్తడం తెలుగిళ్ళలో ఎరిగిన పనే. ప్లాస్టిక్ వచ్చాక రంగు వైర్లతో బుట్టలల్లడం ఆడవాళ్ళ తీరిక వ్యాపకమైంది. పార్సిళ్ళకు చుట్టే పట్టీలూ ఇప్పుడు బుట్టలవుతున్నాయి. అమెరికాలో ఎడ్ రాస్‌బాక్ (1914–2002) బుట్టను ప్రదర్శనశాల దాకా తీసుకెళ్ళాడు. బర్క్‌లీలో పాఠాలు చెబుతూ వార్తాపత్రికలు, ప్లాస్టిక్, ఎండు పుల్లలతో బుట్టలు చేశాడు. 1973లో వచ్చిన ఆయన పుస్తకం బుట్టను వస్త్రకళలో భాగంగా నిలబెట్టింది.

పారేసిన సరుకుతో సాగిన అల్లికల్లో దక్షిణాఫ్రికా జులూలది అన్నిటికన్నా ఆసక్తికరమైన కథ. బీరు కుండల మీద మూతగా వాళ్ళు గడ్డితో, తాటిజాతి చెట్టు ఆకుతో ‘ఇంబెంగే’ అనే లోతు తక్కువ పళ్ళెం అల్లేవారు. చేతికర్రలకు రాగి, ఇత్తడి తీగలు చుట్టే అలవాటూ పాతదే. 1960ల నాటికి డర్బన్‌లో రాత్రి కాపలా కాసే వలస కూలీలకు తెగిన టెలిఫోన్ తీగ ముక్కలు దొరికేవి. లోపల రాగి, పైన రంగురంగుల ప్లాస్టిక్ తొడుగు. పొద్దుపోక వాటిని కర్రలకు చుట్టారు, తర్వాత కుండ మూతలకూ తీసుకున్నారు. మొదట్లో ఇది మగవాళ్ళ పనే. 1990ల్లో డర్బన్‌లోని కళాకేంద్రం ఒకటి అమ్మకాలు చూసుకోవడంతో ఆడవాళ్ళూ పెద్ద సంఖ్యలో చేరారు. సుడులు, అక్షరాలు, మనుషుల బొమ్మలు తీగలో వచ్చాయి. గిరాకీతోపాటు తీగకు కరువొచ్చింది, లైన్లలోంచి దొంగతనంగా తెంపడమూ మొదలైంది. దాంతో అల్లేవారికి కర్మాగారం నుంచి నేరుగా కొత్త తీగ సమకూర్చే ఏర్పాటు చేశారు. ఇప్పుడు విదేశాల మ్యూజియాలకూ దుకాణాలకూ వెళ్ళే ఇంబెంగేలలో చాలావరకు ఆ కొనుక్కున్న తీగతోనే తయారవుతున్నాయి.