తీగ స్వరం, పలక గొంతు: గిటార్ పుట్టుపూర్వోత్తరాలు

గిటార్ అన్న పేరు స్పానిష్ ‘గితార్రా’ నుంచి వచ్చింది. దానికి మూలం అరబ్బీ ‘కీతారా’ కాగా, అంతకు పూర్వరూపం ప్రాచీన గ్రీకుల తంత్రీవాద్యమైన ‘కిథారా’. పేరు అంత పాతదైనా, వాద్యం రూపం స్పెయిన్‌లో నెమ్మదిగా కుదురుకుంది. 1546లో సెవిల్‌లో అలోన్సో ముదర్రా అచ్చు వేయించిన గిటార్ రచనలు నాలుగు వరసల వాద్యం కోసం కూర్చినవి. వరస అంటే సాధారణంగా కలిపి మీటే జంట తీగలు. తరువాత వరసలు ఐదయ్యాయి; 18వ శతాబ్దం చివరికి జంటలు పోయి ఆరు ఒంటి తీగలు స్థిరపడసాగాయి.

తీగ స్వరాన్ని నిర్ణయించే సూత్రాలను ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636 నాటి గ్రంథంలో వివరించాడు. పౌనఃపున్యం, అంటే సెకనుకు కలిగే కంపనాల సంఖ్య, తీగ పొడవు సగమైతే రెట్టింపవుతుంది. బిగువు నాలుగింతలైనా రెట్టింపే అవుతుంది. అదే పొడవుకు తీగ బరువు నాలుగింతలైతే సగానికి పడిపోతుంది. బిరడలు తిప్పినప్పుడు మారేది బిగువు, మెట్టు మీద వేలు నొక్కినప్పుడు తగ్గేది పొడవు. పన్నెండో మెట్టు దగ్గర పొడవు సగమై పైస్థాయి స్వరం పలుకుతుంది. ఆరు తీగల పొడవూ ఒకటే అయినా, మందం, బరువు, బిగువుల తేడాల వల్ల వాటి స్వరాలు సుమారు 82 నుంచి 330 హెర్ట్జ్‌ల వరకు, అంటే రెండు స్థాయిల మేర, పరుచుకుంటాయి.

అయితే తీగ స్వరాన్ని ఇవ్వగలదు గాని గొంతును ఇవ్వలేదు. సన్నని తీగ ఊగినప్పుడు ఒక పక్క ఒత్తిడికి లోనైన గాలి వెంటనే రెండో పక్కకు జారిపోతుంది కనుక శబ్దం దాదాపు పుట్టదు. తీగ కదలికను గుర్రం, అంటే తీగలను మోసే చెక్క కమ్మి, ముందు పలకకు అందిస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందమే ఉన్న ఆ వెడల్పాటి పలక కంపించి ఎంతో గాలిని కదిలిస్తుంది. లోపలి గాలి కూడా గుండ్రని రంధ్రం గుండా, సీసా మూతి మీద ఊదినప్పటిలా, ఊగి మంద్రస్వరాలకు బలమిస్తుంది. పలక కొత్తగా శక్తినేమీ చేర్చదు. తీగలోని శక్తిని త్వరగా శబ్దంగా మారుస్తుంది, అంతే.

ఈ రహస్యాన్ని చేతిపనిలో నిరూపించినవాడు స్పెయిన్‌లోని అల్మేరియాకు చెందిన ఆంతోనియో దె తోర్రెస్ (1817–1892). ఆయన వాద్యాన్ని పెద్దది చేసి, పలకను పలుచన చేసి, దాని అడుగున విసనకర్ర ఆకులలా విచ్చుకునే బద్దల అమరికను మెరుగుపరచాడు. ప్రాణమంతా ముందు పలకలోనే ఉందని చూపడానికి 1862లో వెనుక భాగాన్నీ పక్కలనూ కాగితపు గుజ్జుతో చేసిన గిటార్‌ను తయారుచేశాడు. అది నేటికీ బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో ఉంది.

ఇత్తడి వాద్యాల హోరులో ఆ గొంతూ చాలనప్పుడు, 1931 ప్రాంతంలో అమెరికాలో జార్జ్ బీచమ్ అయస్కాంతాన్నీ తీగచుట్టనూ తీగల దగ్గర అమర్చాడు. ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. పలక చేసే పని యాంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ చేరింది. గుల్లలేని గట్టి చెక్కతో చేసిన విద్యుత్ గిటార్‌ను ఆ యంత్రాల నుంచి విడదీసి మీటితే, పక్క గదికి కూడా సరిగా వినిపించదు.