నురగ రాని నీళ్ళు

పోయిన నెల మదనపల్లెలో మా ఇంటికి వాషింగ్ మిషన్ బాగుచేసే అతను వచ్చాడు. నేను బెంగళూరులో ఆఫీసు మెట్ల మీద నిలబడి వీడియో కాల్లో చూస్తున్నా. వెనక మూత విప్పి హీటర్ రాడ్డు బయటికి తీశాడు. గోడకి సున్నం కొట్టినట్టు తెల్లగా పెచ్చు కట్టి ఉంది. రాడ్డు మాడిపోయింది. వారంటీ ఉంది కదా అన్నాను. "నీళ్ళ వల్ల వచ్చిన రిపేరుకి వారంటీ రాదు సార్. అమ్మగారు పౌడరు కూడా ఎక్కువేస్తా ఉండారు" అని తేల్చేశాడు.

మన భాషలో చెప్పాలంటే యూజర్ ఎర్రర్. బగ్ క్లోజ్డ్ :-)

అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. నాకు బాధేసింది అక్కడే. ముప్పై ఏళ్ళుగా వినీ వినీ అలవాటైపోయినట్టు ఊరుకుంది. తెల్ల చొక్కా పసుపుపచ్చగా మారితే ఆడవాళ్ళకి ఉతకడం రాదు, పప్పు ఉడక్కపోతే వంట రాదు, స్టీలు గ్లాసు మీద మచ్చలుంటే శుభ్రం లేదు. మా పక్క ఇళ్ళల్లో ఈ మాటలు పడని ఆడమనిషి ఉండదు. అసలు రూట్ కాజ్ ఏంటో చూద్దామని కూర్చుంటే అది వాషింగ్ మిషన్ దగ్గర ఆగలేదు, మా అవ్వ కాలం దాకా వెళ్ళింది.

అమ్మ పుట్టిల్లు పుంగనూరు, చిన్నమ్మని ఇచ్చింది కుప్పం. కాబట్టి ఈ మూడు ఊళ్ళ నీళ్ళూ నేను తాగినవాణ్ణే. మూడు చోట్లా రెండు రకాల నీళ్ళుంటాయి: మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళంటే సముద్రం నీళ్ళలా కాదు, నోట్లో పోసుకుంటే కాస్త సప్పగా, మందంగా ఉంటాయి. సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి జిడ్డు తేలుతుంది. స్కూల్లో కఠినజలం అని చదువుకున్నాం కదా, అదే. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని పదార్థంగా మారిపోతాయి. ముందు వాటి సంగతి తేలేదాకా సబ్బు మురికి జోలికి పోదు. అంటే సగం సబ్బు నీళ్ళని ఉతకడానికే సరిపోతుంది.

ఈ నీళ్ళు మొదట్నించీ ఇలా లేవంటుంది అవ్వ. ఆమె చిన్నప్పుడు బట్టలన్నీ చెరువుకే. చెరువు నీళ్ళంటే వాన నీళ్ళు, మెత్తటివి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో వానలు తక్కువ, భూమి కింద అంతా గ్రానైటు రాయి. చెరువులూ, మెట్ల బావులూ ఉన్నన్నాళ్ళు పైపైన ఉన్న నీళ్ళతో గడిచింది. తర్వాత బోర్లొచ్చాయి. వంద అడుగులు, మూడొందలు, ఇప్పుడు వెయ్యి దాటినా నీళ్ళు పడతాయో లేదో నమ్మకం లేదు. లోతుకి పోయేకొద్దీ రాయిలో ఏళ్ళ తరబడి ఊరిన నీళ్ళు వస్తాయి, ఆ రాయిలోని లవణాలతో సహా. నీళ్ళు దొరికాయని సంబరపడ్డాం గానీ, ఏ నీళ్ళు అని ఎవరూ అడగలేదు.

నాకు ఆశ్చర్యం వేసిన సంగతి ఒకటి చెప్తాను. పాతకాలం వాళ్ళు వాడినవన్నీ ఉప్పునీళ్ళకి కూడా సరిపోయేవే. కుంకుడుకాయనే తీసుకోండి. దాని నురగకి కారణం సపోనిన్లు, కాల్షియం వాటిని సబ్బులా విరగ్గొట్టలేదు. బోరు నీళ్ళలోనూ కుంకుడుకాయ నురగ వస్తుంది, కావాలంటే చేసి చూడండి. మా ఊరి రజకులు చౌడు మట్టి కలిపిన నీళ్ళలో బట్టలు నానబెట్టి, బానలో ఉబ్బ పెట్టి, తర్వాత బండకేసి ఉతికేవాళ్ళు. చౌడులో ఉండేది చాలావరకు సోడియం కార్బొనేట్, అంటే చాకలి సోడా. అది నీళ్ళలోని కాల్షియంని సున్నపురాయిగా మార్చి కిందికి దింపేస్తుంది. నీళ్ళు కాగితే కొంత కఠినత్వం దానంతటదే పోతుంది. ఇవాళ వాటర్ సాఫ్టెనర్ అని వేలకి వేలు పోసి కొంటున్న పనిని ఒక మట్టిముద్ద, ఒక బాన చేసేవన్నమాట. దానికి డిగ్రీ లేదు, గౌరవం అంతకన్నా లేదు.

ఇక కంపెనీల కాలం. మన దేశంలోకి సన్‌లైట్ సబ్బు 1888లో కలకత్తా రేవులో దిగింది. మా పక్క పల్లెల దాకా రావడానికి చాలా ఏళ్ళే పట్టి ఉంటుంది. అవ్వకి గుర్తున్నది మాత్రం 501 బార్ సబ్బు. కొట్లో దారంతో కోసి ముక్కలుగా అమ్మేవాడట. చెరువు దగ్గర బ్రహ్మాండంగా పనిచేసిన అదే సబ్బు, ఇంట్లో బోరింగు నీళ్ళ దగ్గర నెలకి రెండింతలు అయ్యేది. "సబ్బు తింటా ఉండావా ఏందే?" అని తాత అరిచేవాడంట. నీళ్ళు మారాయని తాతకి తోచలేదు, అవ్వకీ తోచలేదు.

అమెరికాలోనూ ఇదే గొడవ. అక్కడ మధ్య రాష్ట్రాల నీళ్ళు బాగా కఠినం. ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్ళు 1933లో డ్రెఫ్ట్ అనే సింథటిక్ పౌడరు తెచ్చారు. అది గట్టి మురికిని వదిలించలేకపోయింది. 1946లో ఫాస్ఫేటు కలిపిన టైడ్ వచ్చాక సమస్య తీరింది. అంటే డిటర్జెంట్ అనేదాన్ని కనిపెట్టడానికి ఒక పెద్ద కారణం ఉప్పునీళ్ళే! 1959లో హిందుస్తాన్ లీవర్ వాళ్ళ సర్ఫ్ మన దేశంలోకి వచ్చింది. మాలాంటి ఊళ్ళకి నిజంగా పనికొచ్చే వస్తువు. కానీ ధర అందేది కాదు. పేరు మాత్రం అందింది. ఇప్పటికీ మా ఊళ్ళో ఏ పౌడరైనా సర్ఫే. "నిర్మా సర్ఫ్ ఒక పాకెట్టియ్యి" అని అడగడం మీరూ వినే ఉంటారు.

నిర్మా కథ మనలో చాలామందికి తెలుసు. గుజరాత్ ప్రభుత్వ గనుల శాఖలో కెమిస్టుగా ఉన్న కర్సన్‌భాయ్ పటేల్ 1969లో పెరట్లో పౌడరు కలిపి, సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు. సర్ఫ్ కిలో 13 రూపాయలున్న రోజుల్లో ఇది 3 రూపాయలు. స్టార్టప్ మీటింగుల్లో ఈ కథ ఇక్కడితో ఆపేసి చప్పట్లు కొడతారు. అంత చవగ్గా ఎలా వచ్చింది? అందులో ఎక్కువ పాలు సోడా యాష్. అంటే చౌడు మట్టిలో ఉన్నదే, పాకెట్టులో! ఉప్పునీళ్ళలో అది బాగా పనిచేయడానికి కారణం అదే. బానలో కర్రతో కలిపే రోజుల్లో సోడాకి చేతులు ఎక్కువసేపు తగిలేవి కావు. ఇప్పుడు బకెట్లో మోచేతుల దాకా ముంచి పిండాలి. అమ్మ చేతివేళ్ళ సందుల్లో తోలు ఊడటం నా చిన్నప్పుడు రోజూ చూసేవాణ్ణి. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. చలికాలం అనుకునేవాళ్ళం.

ఇంకో సంగతి కూడా ఉంది. సోడా, కాల్షియం కలిసినప్పుడు ఏర్పడే ఆ సన్నటి సున్నపు పొడి బట్ట పోగుల్లోనే కూర్చుంటుంది. నాలుగు నెలలకి తువ్వాలు అట్టలా బిరుసెక్కుతుంది, తెలుపు కాస్తా బూడిద రంగుకి తిరుగుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి నీలిమందు. అది సరిగ్గా కరగక మచ్చలు పడితే, 1983లో కేరళ నుంచి ఉజాలా వచ్చి చుక్కల లెక్కన తెలుపు అమ్మింది. ఒక సమస్యని పరిష్కరించే వస్తువు ఇంకో సమస్యని తెస్తుంది, దానికి ఇంకో వస్తువు. ప్యాచ్ మీద ప్యాచ్. టీవీలో లలితాజీగా కవితా చౌదరి ఏది కొంటే తెలివో చెప్తుండేది. ఆ యాడ్లలో నేను చూసినంతలో ఏ పౌడరు వాడూ "మీ నీళ్ళు ఎలాంటివి?" అని అడగలేదు.

వంటింట్లోనూ ఇదే వరస. కందిపప్పు ఉడకనివ్వకుండా చేసేది కూడా ఆ కాల్షియమే. పప్పు గింజ గోడల్లోని పెక్టిన్‌ని పట్టుకుని గట్టిపరుస్తుంది. మా పక్క ఏ ఇంట్లోనైనా కొత్త నీళ్ళొస్తే చేసే మొదటి పరీక్ష పప్పు ఉడికించి చూడటమే. ఉడక్కపోతే చిటికెడు వంటసోడా వేస్తారు. ప్రెషర్ కుక్కరు కూడా మన దేశంలో 1959లోనే తయారీ మొదలైంది, ప్రెస్టీజ్, హాకిన్స్ రెండూ. మా ఇంటికి వచ్చేసరికి 1990లు. కుక్కరుతో పాటు వచ్చిన పుస్తకంలో పప్పుకి ఇన్ని నిమిషాలు అని ఉంటే, అమ్మకి దానికి రెట్టింపు పట్టేది. పుస్తకం తప్పని ఆమెకి ఎలా తెలుస్తుంది? తన పప్పే పాతదనుకునేది, కొట్టువాడితో గొడవపడేది. 'నా మిషన్లో బాగానే పనిచేస్తోంది' అని డెవలపర్ అన్నప్పుడు టెస్టర్ మొహం చూశారు కదా, అమ్మదీ అదే మొహం.

కుప్పం చిన్నమ్మది ఇంకో కథ. ఇంటింటికీ తిరిగే సేల్స్‌మాన్ మాట విని యూవీ ఫిల్టరు కొనింది. యూవీ క్రిముల్ని చంపుతుంది గానీ నీళ్ళలో కరిగిన లవణాల్ని ముట్టుకోదు. నీళ్ళ రుచి మారలేదు, పప్పు ఉడకలేదు. చిన్నమ్మ మోసపోయానని ఎవరికీ చెప్పుకోలేదు, దాని మీద గుడ్డ కప్పి పెట్టుకుంది. తర్వాత ఆర్వోలొచ్చాయి, వాటికంటే ముందు వీధి చివర 20 లీటర్ల క్యాన్లు. 2014లో మొదలైన ఎన్టీఆర్ సుజల పథకంలో 20 లీటర్లు 2 రూపాయలకి ఇస్తామన్నారు. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో తాగడానికీ, పప్పుకీ క్యాను నీళ్ళు, మిగతా అన్నిటికీ బోరు. వాషింగ్ మిషన్‌కి క్యాను నీళ్ళు పోసే స్తోమత ఎవరికీ లేదు.

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చు. తాగడానికి అయినా ఇలా ఒక లెక్క ఉంది. యూరప్‌లో 2004లో చేసిన డిటర్జెంట్ల రెగ్యులేషన్ ప్రకారం బట్టల పౌడరు పాకెట్టు మీద మెత్తటి నీళ్ళకి ఎంత, మధ్యరకానికి ఎంత, కఠినజలానికి ఎంత వెయ్యాలో విడివిడిగా రాయాలి. కఠినజలానికి ఎక్కువ! అంటే మెకానిక్ ఏదైతే అమ్మ తప్పన్నాడో, అక్కడ పాకెట్టు మీద అదే చెయ్యమని రాసి ఉంటుంది. అమ్మ ఏ రెగ్యులేషనూ చదవలేదు, బట్ట వాసన చూసి కొలత పెంచుకుంది.

ఇదంతా రాసి కంపెనీకి పెద్ద మెయిల్ కొట్టాను. ఈ పిన్‌కోడ్‌లో అమ్మేటప్పుడు నీళ్ళ సంగతి ఎందుకు అడగలేదు, మాన్యువల్ తెలుగులో ఎందుకు లేదు అని. 1986 నాటి వినియోగదారుల చట్టం బదులు 2020 జూలై నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం మనం ఉంటున్న చోటే, లేదా ఉద్యోగం చేస్తున్న చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. కొన్న వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఇవి రెండూ మెయిల్లో రాశాక మూడో రోజు ఫోనొచ్చింది, రాడ్డు ఖర్చులో సగం వాళ్ళే భరిస్తామని. మిగతా సగం కోసం కొట్లాడదామంటే అమ్మే వద్దనింది. "బట్టలు కుప్ప పడినాయి నాయినా, ముందు మిషన్ తిరగనీ".

నేను మాత్రం మర్నాడు ఆఫీసు బస్సులో బెళ్ళందూరు చెరువు పక్కనుంచి పోతూ 2015 వీడియోలు గుర్తుచేసుకున్నా. చెరువు మీద మంచు కొండల్లా నురగ, రోడ్డు మీదికి ఎగిరి పడటం, ఆ నురగకి నిప్పంటుకోవడం. మన ఇళ్ళ డిటర్జెంటు కూడా ఉంది అందులో. మా ఊళ్ళో బకెట్లో రాని నురగంతా ఇక్కడ చేరినట్టుంది.

ఇప్పుడు అమ్మ నెలకోసారి వంద గ్రాముల నిమ్మఉప్పు వేసి ఖాళీ మిషన్‌ని వేడినీళ్ళతో తిప్పుతోంది. కొట్లో దొరికే సిట్రిక్ యాసిడ్, పెచ్చు కరిగిపోతుంది. కంపెనీ అమ్మే డీస్కేలింగ్ పౌడరు ఖరీదు చూసి, "అవ్వ రాగి అండాకి చింతపండు పెట్టి తోమేది కదా, ఇదీ అంతే" అని తనే మొదలుపెట్టింది. నేను చెప్పింది కాదు.

హంద్రీ–నీవా కాలువలో కృష్ణా నీళ్ళు 2025 ఆగస్టులో కుప్పం దాకా వచ్చాయి. చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఊరంతా చూడ్డానికి పోయారట. ఇంటి కుళాయిలోకి ఎప్పుడొస్తాయని అడిగా.

"వస్తే తెలుస్తాది లేరా. ఒక గ్లాసు కందిపప్పు పక్కన పెట్టుకోనుండా."