భర్మారు తుపాకీ – తెలంగాణ సాయుధ పోరాటం: ఒక పరిశీలన

తెలంగాణ సాయుధ పోరాటంలో (1946–51) సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల రైతు దళాలు తొలుత వాడిన ఆయుధాలలో వడిసెలతో పాటు భర్మారు తుపాకీ ఒకటి. గొట్టం మూతి నుంచి మందు, గుండ్లు దట్టించి పేల్చే ఈ తుపాకీలో సాధారణంగా తలెత్తే లోపాలు మూడు: వానకు మందు చెమ్మగిల్లడం, మసి పేరుకొని నిప్పురవ్వ సాగే రంధ్రం మూసుకుపోవడం, సుత్తి వలె పనిచేసే ‘గుర్రం’ స్ప్రింగు సడలడం. మందును పొడిగా దాచడం, రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రపరచడం మొదటి రెండింటికి పరిహారాలు. మూడవదానికి పనితనం తెలిసిన కమ్మరి అవసరం.

అయితే ప్రతి కాల్పు తరువాత మళ్లీ దట్టించవలసి రావడం మరమ్మతుకు లొంగని లోపం. రైఫిళ్లు ధరించిన నిజాం బలగాల ఎదుట ఆ జాప్యం ప్రాణాంతకం. కనుక మాటువేసి దాడి చేయడం, శత్రువు రైఫిళ్లను చేజిక్కించుకోవడం వంటి గెరిల్లా ఎత్తుగడలను సిద్ధాంత ప్రభావంగానే గాక, చేతిలోని ఆయుధపు యాంత్రిక పరిమితికి సమాధానంగా కూడా పరిశీలించవలసి ఉంటుంది.